సిగరెట్ పెట్టెలో నటీమణి

1887లో అమెరికాలోని రిచ్‌మండ్ నగరంలో ఆలెన్ అండ్ గింటర్ అనే కంపెనీ ‘లిటిల్ బ్యూటీస్’ పేరుతో సిగరెట్లు అమ్మేది. పెట్టె తెరిస్తే సిగరెట్లతోపాటు అరచేతిలో సగం కూడా ఉండని అట్టముక్క ఒకటి వచ్చేది. దాని మీద ఒక ఫొటో అంటించి ఉండేది. అచ్చువేసిన బొమ్మ కాదు, గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద తీసిన అసలు ఫొటో. అందులో ఒక రంగస్థల నటి. కొన్నవాళ్ళు సిగరెట్లు కాల్చి పారేశారు, అట్ట దాచుకున్నారు. కంపెనీ ఎప్పుడో పోయింది, దాచుకున్నవాళ్ళూ పోయారు, ఆ అట్టలు మాత్రం ఇవాళ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి.

వీటి గురించి రాసినవాళ్ళు ఎక్కువమంది రెండు దారుల్లో వెళ్ళారు. సేకర్తలు ఏ వరసలో ఎన్ని కార్డులున్నాయి, ఏది అరుదు, ఏది ఎంత పలుకుతుంది అని లెక్కగట్టారు. పొగాకు చరిత్ర రాసినవాళ్ళు, అంటే 2007లో ‘ద సిగరెట్ సెంచరీ’ రాసిన అలెన్ బ్రాంట్, 2011లో ‘గోల్డెన్ హోలోకాస్ట్’ రాసిన రాబర్ట్ ప్రాక్టర్ లాంటివాళ్ళు, సిగరెట్టును జనానికి అలవాటు చేసిన ఎత్తుగడల చరిత్ర చెప్పారు. రెండూ కావలసిన పనులే. కానీ ఆ అట్ట మీద కనిపించే మనిషి రెండుచోట్లా చాలావరకు పక్కకు జరిగింది. ఆమె ఎవరు? తన బొమ్మ వాడుకోవడానికి ఒప్పుకుందా? ఆమెకు ఏం దక్కింది? నాకు ఈ ప్రశ్నలే ముఖ్యం. కృష్ణా తీరంలో కూర్చుని ఈ ప్రశ్నలు వేస్తే వీటికి ఇంకొన్ని జతకూడతాయి. మన నటీమణుల బొమ్మలతో అలాంటి కార్డులు ఎందుకు రాలేదు? వాటి బదులు ఏం వచ్చాయి? వచ్చినవి ఏమయ్యాయి?

మా గన్నవరం నుంచి చూస్తే ఇది పరాయి సంగతేమీ కాదు. కృష్ణ దాటితే గుంటూరు, ఇంకాస్త ముందుకెళితే చీరాల: ఒక శతాబ్దంగా ప్రపంచపు సిగరెట్లకు ఆకు పంపుతున్న నేల. ఇరవై కిలోమీటర్ల దూరంలో విజయవాడ గాంధీనగర్: తెలుగు సినిమా డబ్బాలు ఊరూరికీ బయలుదేరిన చోటు. ఒకటి పొగాకు వ్యాపారం, ఇంకొకటి నటీమణుల ముఖాల వ్యాపారం. ఆ కార్డులో కలిసిన రెండు వ్యాపారాలూ మన ఇంటి చుట్టుపక్కలే ఉన్నాయి.

ముందు కార్డు ఎలా పుట్టిందో చూద్దాం. అప్పట్లో సిగరెట్లు మెత్తటి కాగితపు పొట్లాల్లో వచ్చేవి. జేబులో నలిగి విరిగిపోకుండా లోపల ఒక అట్ట పెట్టేవారు. ఖాళీ అట్ట పెట్టే బదులు బొమ్మ వేస్తే సరుకు అమ్ముడవుతుందన్న ఆలోచన తర్వాత వచ్చింది. ఆ ఆలోచనకు తొందర తెచ్చింది యంత్రం. చేత్తో చుట్టే పనివాళ్ళు రోజుకు మూడు వేల సిగరెట్లు చుడితే గొప్ప. జేమ్స్ బోన్సాక్ తయారుచేసిన యంత్రం ఒక్కరోజులో లక్షకు పైగా చుట్టేది. 1884లో నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో జేమ్స్ బుకానన్ డ్యూక్ దాన్ని పనిలోకి దించాడు. సరుకు గుట్టలు పడింది, తాగేవాళ్ళు అంతమంది లేరు. పైగా అప్పటికి అమెరికాలో పొగాకంటే నమలడం, పైపు, చుట్ట. కాగితం చుట్టిన సన్నటి సిగరెట్టు మగవాళ్ళ వస్తువు కాదనే చిన్నచూపు ఉండేది. అట్ట మీదికి బేస్‌బాల్ ఆటగాళ్ళు, మల్లయోధులు, సైన్యాధిపతులు రావడానికి అదొక కారణం. నటీమణులు రావడానికి కారణం ఇంకా తేలిక. కొనేవాళ్ళు కుర్రకారు, నటీమణుల ఫొటోలు బజారులో ఎక్కడ చూసినా దొరికేవి.

ఎక్కడ చూసినా ఎందుకు దొరికేవి? ఈ వ్యవహారానికి కీలకం ఇక్కడుంది. సినిమా లేని ఆ రోజుల్లో పేరున్న నటి ఫొటో దానంతటదే ఒక సరుకు. న్యూయార్క్‌లో నెపోలియన్ సరోనీ అనే ఫొటోగ్రాఫర్ నటీమణులకు ముందుగా డబ్బిచ్చి, ఆ ఫొటోలు అమ్ముకునే హక్కు తానే ఉంచుకునేవాడు. 1880లో అమెరికాకు మొదటిసారి వచ్చిన సారా బెర్నార్డ్‌కు 1500 డాలర్లు ఇచ్చాడని ప్రసిద్ధి. అంత ధర పలికేది ఆకాశంలో ఉన్న ఒకరిద్దరికే. మిగతా నటీమణులు ఫొటో దిగితే చాలు, పదిమంది కంట్లో పడతామనుకునేవారు. దిగిన తర్వాత ఆ ఫొటో ఎక్కడికి వెళ్ళేదో వాళ్ళ చేతిలో లేదు.

1884లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చిన ఒక కేసు దీన్ని బాగా చూపిస్తుంది. సరోనీ తీసిన ఆస్కార్ వైల్డ్ ఫొటోను ఒక లిథోగ్రాఫ్ కంపెనీ అడగకుండా 85,000 ప్రతులు అచ్చేసింది. ఫొటో కూడా రచనే, దానికి రచయిత ఫొటోగ్రాఫరే అని కోర్టు చెప్పింది. సరోనీ గెలిచాడు. ఫొటోలో ఉన్న మనిషి ఆ కేసులో వాదీ కాదు, ప్రతివాదీ కాదు. సిగరెట్ కార్డుల నటీమణులందరి స్థితీ అదే. ముఖం ఆమెది, బొమ్మ ఇంకొకరిది. 1902లో న్యూయార్క్ రాష్ట్రంలో అబిగైల్ రాబర్సన్ అనే అమ్మాయి తన ముఖాన్ని చెప్పకుండా పిండి ప్రకటన మీద 25,000 ప్రతులు వేశారని కోర్టుకెళ్ళింది. నలుగురు జడ్జీలు కాదన్నారు, ముగ్గురు అవునన్నారు. ఆమె ఓడిపోయింది. జనం ఊరుకోలేదు. మరుసటి సంవత్సరమే ఒప్పుదల లేకుండా మనిషి పేరూ బొమ్మా వ్యాపారానికి వాడకూడదని ఆ రాష్ట్రం చట్టం చేసింది. అమెరికాలో నటీమణుల కార్డులు లక్షల్లో పంచిపెట్టిన తొలి కాలమంతా ఆ చట్టానికి ముందుదే.

అందరూ మాట లేనివాళ్ళే అనుకుంటే అదీ పొరపాటు. ఇంగ్లండులో లిల్లీ లాంగ్‌ట్రీ 1880లలో పియర్స్ సబ్బు ప్రకటనకు డబ్బు తీసుకుని పేరిచ్చింది. ఆ పేరు విలువ ఆమెకు తెలుసు. డ్యూక్ కంపెనీ తరఫున తిరిగే ఎడ్వర్డ్ స్మాల్ అట్లాంటాలో ఫ్రెంచి నటి మదాం రియాను కలిసి, ఆమె బొమ్మ చేతిలో సిగరెట్ పెట్టె పెట్టి వేసుకునే అనుమతి అడిగి తెచ్చుకున్నాడు. అడిగారు కాబట్టే ఆ కథ ఇన్నాళ్ళు నిలిచింది. అడగని వందల కార్డులకు కథలు లేవు. కొన్నిటి కింద నటి పేరు తప్పుల తడకగా ఉంటుంది, కొన్నిటి కింద ‘నటి’ అని మాత్రమే ఉంటుంది.

అభ్యంతరాలు లేకపోలేదు. 1894లో డ్యూక్ తండ్రి, మతభక్తి గల వాషింగ్టన్ డ్యూక్, ఈ అసభ్యమైన బొమ్మలు మానెయ్యమని కొడుక్కి ఉత్తరం రాశాడు. 1899లో షికాగోలో లూసీ పేజ్ గాస్టన్ సిగరెట్ వ్యతిరేక సంఘం పెట్టింది. వాళ్ళ భయం బొమ్మలు దాచుకునే కుర్రాళ్ళ గురించి. ఆ భయం నిజమైనదే, పిల్లలను పొగకు దగ్గర చేసిన వాటిలో ఈ కార్డులకు పెద్ద చోటుంది. బొమ్మలోని స్త్రీకి జరిగింది అన్యాయమా కాదా అన్న ఆలోచన మాత్రం ఆ గొడవలో ఎక్కడా వినిపించదు.

అమెరికాలో కార్డులు వెనకబడటానికి కారణం నీతి కాదు. 1890లో డ్యూక్ అయిదు కంపెనీలను కలిపేసి అమెరికన్ టొబాకో కంపెనీ కట్టాడు. పోటీ పోయాక బొమ్మల ఖర్చు ఎందుకన్నారు. అట్లాంటిక్ అవతల ఇంగ్లండులో అప్పుడే ఊపందుకున్నాయి. బ్రిస్టల్‌లోని విల్స్ కంపెనీ, లివర్‌పూల్‌లోని ఆగ్డెన్ కంపెనీ పోటీలు పడి వేశాయి. ఆగ్డెన్ ‘గినీ గోల్డ్’ ఫొటో కార్డుల్లో నటీమణులకు లెక్కలేదు. 1930లకు సినిమా తారలు వాళ్ళ చోటు తీసుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో కాగితం కరువై 1940లో ఇంగ్లండులోనూ ఆగిపోయాయి.

ఇక మన దేశం. విల్స్ కంపెనీ సరుకుల్లో సిజర్స్ ఒకటి. మనవాళ్ళు కత్తెర మార్కు అన్నది దాన్నే. ఇండియాలో ఉన్న బ్రిటిష్ సైనికులను దృష్టిలో పెట్టుకుని సిజర్స్ పెట్టెల్లో ప్రత్యేకంగా కార్డులు వేశారు. ఆ జాబితా చూస్తే వ్యాపారి బుద్ధి అర్థమవుతుంది: నటీమణులు, సుందరీమణులు, క్రికెట్ ఆటగాళ్ళు, గుర్రపు పందేల జాకీలు, భారత సైనిక రెజిమెంట్లు, గవర్నర్ జనరళ్ళు. ఇంటికి దూరంగా కంటోన్మెంట్‌లో ఉన్న సిపాయికి లండన్ నటి ముఖం. ఆ కార్డుల మీద భారతీయులు కనిపించేది యూనిఫాంలో, రెజిమెంట్ పేరుతో. భారతీయ నటి లేదు.

మనవాళ్ళకు అమ్మాలనుకున్నప్పుడు వ్యాపారులు ఇంకో దారి పట్టారు. ముంగేర్‌లో ఫ్యాక్టరీ ఉన్న పెనిన్సులర్ టొబాకో కంపెనీ 1909 ప్రాంతంలో హిందూ దేవతల బొమ్మల కార్డులు వేసింది. నాకు ఇది చాలా చెప్పే సంగతి. అక్కడ కుర్రకారును పట్టుకున్నది నటి అయితే ఇక్కడ ఇంటింటికీ వెళ్ళగలిగినది దేవుడు. 1894లో మొదలైన రవివర్మ ప్రెస్సు ఆ సంగతి అప్పటికే రుజువు చేసి ఉంది. నటీమణుల ముఖాలు పెద్దఎత్తున అచ్చువేసిన రాతి అచ్చు సాంకేతికతే మన గోడల మీదికి లక్ష్మీ సరస్వతులను తెచ్చింది.

ఒక్కరు మాత్రం ఈ గీత దాటారు. 1902లో కలకత్తాలో గ్రామఫోన్‌కు పాడిన గౌహర్ జాన్. ఆమె బొమ్మ పోస్టుకార్డుల మీదికే కాదు, ఆస్ట్రియాలో తయారైన అగ్గిపెట్టెల మీదికీ ఎక్కింది. భారతీయ కళాకారిణి ముఖం పొగతాగే సరంజామాలోకి వచ్చిన తొలి సందర్భాల్లో అదొకటి. పాట ఆమెది, గొంతు రికార్డు కంపెనీది, ముఖం అగ్గిపెట్టె వ్యాపారిది.

అదే కాలంలో తెలుగు నటి ఎక్కడుంది? చాలాచోట్ల లేనే లేదు. మన పెద్ద నాటక సమాజాల్లో స్త్రీ పాత్రలు మగవాళ్ళే వేసేవారు. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు 1920లో చంద్రమతి వేషంతో మొదలుపెట్టి, తెనాలి రామ విలాస సభలో సత్యభామగా, చింతామణిగా, రోషనారగా తెలుగునాడును ఊపేశారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. అంటే ఆగ్డెన్ వాళ్ళలాగా మన దగ్గర ఎవరైనా ‘ప్రసిద్ధ నటీమణులు’ అని కార్డులు వేసి ఉంటే, మొదటి కార్డు మీద పురుషుడే ఉండేవాడు. 1885లో కడప జిల్లాలో మొదలైన సురభి సమాజాలు దీనికి గొప్ప మినహాయింపు. అక్కడ కుటుంబంలోని స్త్రీలే స్త్రీ పాత్రలు వేశారు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి వేసిన సురభి కమలాబాయి ఆ గూటి పిల్లే.

ఆడి పాడే స్త్రీలు తక్కిన తెలుగునేలలో లేరని కాదు. కృష్ణా, గోదావరి జిల్లాల కళావంతుల ఇళ్ళల్లో ఉన్నారు. వాళ్ళ కళను అడ్డుకున్న సంఘ సంస్కరణ ఒకవైపు, వాళ్ళను చూడటానికి ఎగబడిన అదే సంఘం ఇంకోవైపు. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ చట్టం తెచ్చింది. దవేష్ సొనేజీ 2012లో ప్రచురించిన ‘అన్‌ఫినిష్డ్ జెస్చర్స్’ ఈ తెలుగు కళావంతుల జ్ఞాపకాలను శ్రద్ధగా నమోదు చేసింది. పరువుకు భయపడే అచ్చు లోకం వాళ్ళ ముఖాలను వేయడానికి చాలాకాలం ముందుకు రాలేదు. ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయింది, అంటే అమెరికాలో నటీమణుల కార్డులు ఇంకా కుర్రాళ్ళ జేబుల్లో ఉన్న రోజుల్లో. అందులో సిగరెట్టు ఉంది, సాని ఉంది, ఫొటోగ్రాఫు బాకీ వసూలుకు గిరీశం వెంటపడే మనిషీ ఉన్నాడు. కార్డుకు కావలసినవన్నీ గురజాడ చూపించిన విజయనగరంలో ఉన్నాయి, వాటిని ఒక పెట్టెలో పెట్టి అమ్మే వ్యాపారి తప్ప.

వ్యాపారి ఎందుకు లేడన్నదానికి ఇంకా మొరటు కారణం ఒకటి ఉంది, నా ఉద్దేశంలో అదే అసలు కారణం. మనవాళ్ళు తాగింది చుట్ట. లంక పొగాకు కట్టలుగా వచ్చేది, ఇంటి అరుగు మీద కూర్చుని చుట్టుకునేవారు. పెట్టె లేనిచోట కార్డు ఎక్కడ పెడతారు? బీడీ కట్టకు లేబులు వచ్చింది గాని, దాని మీద చాలాసార్లు కనిపించేది బీడీల యజమాని ఫొటోయే. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పడమటి దేశాల్లో చేతిలో సిగరెట్టు పట్టుకున్న స్త్రీ బొమ్మ పెద్ద సంచలనం. మన శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో అడ్డచుట్ట, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట, కాల్చే ఆడవాళ్ళు తరతరాలుగా ఉన్నారు. వాళ్ళ బొమ్మ ఏ కంపెనీ వెయ్యలేదు. వాళ్ళు అచ్చులోకి వచ్చింది వైద్య పత్రికల్లో, నోటి పైఅంగిట పుండుకు ఉదాహరణగా.

అయితే సిగరెట్టుకు ఆకు పండించింది మనమే. కలకత్తాలో 1910లో ఇంపీరియల్ టొబాకో కంపెనీ పెట్టారు. రెండేళ్ళకు ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ (ఐఎల్‌టీడీ) గుంటూరు చేరింది. తర్వాత చీరాలలో పెద్ద ఫ్యాక్టరీ వచ్చింది. 1920ల చివరికి వర్జీనియా పొగాకు గుంటూరు నల్లరేగడిలో నిలదొక్కుకుంది, పొలాల్లో ఆకు క్యూరింగ్ చేసే బ్యారన్లు లేచాయి. ఆకు గ్రేడింగు చేసింది, ఈనె తీసింది ఎక్కువగా ఆడవాళ్ళు. దుమ్ములో కూర్చుని రంగును బట్టి, పొడుగును బట్టి ఆకు వేరుచేసిన ఆ చేతులు చీరాల, గుంటూరు, పర్చూరు వైపు ఎన్ని వేలో. సిగరెట్ పెట్టె చరిత్రలో స్త్రీ రెండుచోట్ల ఉంది: పెట్టె లోపలి బొమ్మలో ఒకామె, ఆకు గోదాములో ఇంకొకామె. మొదటి ఆమెకు పేరు తప్పుగానైనా అచ్చయింది. నటీమణుల కార్డుల సమీక్షల్లో రెండో ఆమెకు చోటు ఉండదు. తెలుగువాళ్ళు రాస్తే ఉండి తీరాలి.

మన నటీమణుల ముఖాలు సిగరెట్ పెట్టెలోకి రాలేదు గాని, సినిమా వచ్చాక కాగితం మీదికి వరదలా వచ్చాయి. బెజవాడలో 1921లో మారుతీ సినిమా హాలు కట్టారు. టాకీలు వచ్చాక ఆ ఊరు పంపిణీ కేంద్రమైంది. అక్కడి నుంచి సినిమా డబ్బాలతోపాటు వాల్‌పోస్టర్లు, కరపత్రాలు, హాలు ముందు అద్దాల పెట్టెలో పెట్టే ఫొటో కార్డులు, పాటల పుస్తకాలు గుడివాడ, ఉయ్యూరు, గన్నవరం, హనుమాన్ జంక్షన్ దాకా వెళ్ళాయి. నా మటుకు సిగరెట్ కార్డుకు తెలుగులో నిజమైన జోడీ పాటల పుస్తకమే. ధర అణా రెండణాలు. అట్ట మీద కథానాయిక, లోపల కథ సగం చెప్పి ‘మిగతాది వెండితెర మీద చూడండి’ అని ఆపేయడం, తర్వాత పాటలు, వెనక అట్ట మీద ప్రకటన. సినిమా వెళ్ళిపోయాక కూడా ఇంట్లో మిగిలేది అదొక్కటే. కొబ్బరినూనె మరకలతో, అట్ట ఊడి, ట్రంకుపెట్టెల అడుగున ఈ ప్రాంతపు ఇళ్ళల్లో ఇంకా అక్కడక్కడ కనిపిస్తాయి. నేను చూసినవాటిలో చాలావాటికి చిరిగింది అట్టే. కథానాయిక ముఖాన్ని ఎవరో కత్తిరించుకుని ఇంకెక్కడో దాచుకున్నారు.

ఆ ముఖాల్లో మొదట ఊపేసింది కాంచనమాల. తెనాలి నుంచి వచ్చింది. 1938లో ‘గృహలక్ష్మి’, ‘మాలపిల్ల’, 1939లో ‘వందేమాతరం’. పెద్ద కళ్ళతో, సూటి చూపుతో ఆమె నిలబడిన ఫొటోలు చూస్తే, కెమెరా అంటే బెదురు లేని తొలి తెలుగు స్త్రీ ముఖం అదేనేమో అనిపిస్తుంది. 1942లో ‘బాలనాగమ్మ’ తర్వాత ఆమె తెరకు దూరమైంది. 1963లో ‘నర్తనశాల’లో చిన్న పాత్రలో ఒక్కసారి కనిపించి, 1981 జనవరిలో కన్నుమూసింది. అదే సంవత్సరం డిసెంబరులో సావిత్రి పోయింది. సావిత్రిది తాడేపల్లి దగ్గర చిర్రావూరు, పెరిగింది, నాట్యం నేర్చింది విజయవాడలో. ఆంధ్రదేశంలో ఆమె ముఖం ఉన్నన్ని కాగితాల మీద ఇంకే స్త్రీ ముఖమూ ఉండి ఉండదు: ‘మిస్సమ్మ’ పాటల పుస్తకం నుంచి శివకాశి క్యాలెండర్ల దాకా. కోట్ల ప్రతులు తిరిగిన ఆ ముఖం గల మనిషికి చివరి రోజుల్లో ఇల్లు నిలవలేదు. సరోనీ కాలంలో అమెరికాలో నటికీ ఆమె బొమ్మకూ మధ్య పడిన దూరం మద్రాసు కోడంబాకంలోనూ అలాగే ఉంది.

సబ్బు మాత్రం ఆ దూరాన్ని కొంత తగ్గించింది. 1941లో లీలా చిట్నీస్ లక్స్ ప్రకటనలో కనిపించింది మొదలు, భారతీయ నటి తన పేరుతో, తన ఒప్పుదలతో, డబ్బు తీసుకుని సరుకు అమ్మడం మామూలైంది. తర్వాత మన తారలు ఆ వరసలో చేరారు. మన దగ్గర నటి సిగరెట్టు అమ్మలేదు, సబ్బు అమ్మింది. పొగ మగవాడిది, నునుపు ఆడదానిది అన్న విభజన అందులో ఉంది. అయినా ఆమె ఒప్పందం మీద సంతకం పెట్టింది, దాన్ని తక్కువగా చూడను.

తర్వాత పత్రికలొచ్చాయి. 1966లో విజయా సంస్థ వాళ్ళ ‘విజయచిత్ర’, 1976లో ‘సితార’. నడిపేజీ రంగుల బొమ్మలు మంగలి షాపుల గోడలు, హాస్టలు గదుల తలుపులు, లారీ క్యాబిన్లు నింపాయి. శివకాశి అగ్గిపెట్టెల మీద, దీపావళి టపాకాయల పెట్టెల మీద తారల ముఖాలు ఇప్పటికీ వస్తున్నాయి. అనుమతి తీసుకున్నారో లేదో పెట్టె మీద ఎక్కడా కనిపించదు. శివకాశి అచ్చు వ్యాపారాన్ని దగ్గరగా చూసి కజ్రీ జైన్ 2007లో ‘గాడ్స్ ఇన్ ద బజార్’ రాసింది. క్యాలెండరు దేవుళ్ళకు ఆమె చేసిన పని మన సినిమా కాగితాలకు ఎవరైనా చెయ్యాలి. ఎస్.వి. శ్రీనివాస్ తెలుగు సినిమా మీద చేసిన పరిశోధన అభిమాన సంఘాలనూ, పెట్టుబడినీ, రాజకీయాన్నీ లోతుగా పట్టుకుంది. చేతికందే చిన్న కాగితం ఇంకా మిగిలే ఉంది.

సిగరెట్ పెట్టె మీది బొమ్మ ఇప్పుడెక్కడికి వచ్చిందో చూడండి. 2003 చట్టంతో సిగరెట్ ప్రకటనలు ఆగాయి. 2009 మే 31 నుంచి పెట్టె మీద హెచ్చరిక బొమ్మలు వచ్చాయి. 2016 ఏప్రిల్ నుంచి అవి పెట్టె ముఖంలో 85 శాతం ఆక్రమించాయి. నటి ముఖంతో మొదలైన చోట ఇప్పుడు పుండు పడిన నోరు ఉంది. ఆ మార్పు అక్షరాలా మంచిదని నమ్ముతున్నాను. వర్జీనియా ఆకు పండించిన జిల్లాల్లో ఆ జబ్బు చూడని ఊరు తక్కువ.

ముఖం మీద హక్కు విషయంలోనూ చట్టం నెమ్మదిగా కదిలింది. 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో మన సుప్రీంకోర్టు, మనిషి పేరునూ రూపాన్నీ ఒప్పుదల లేకుండా ప్రకటనలకు వాడటం ఏకాంత హక్కుకు భంగమని చెప్పింది. 2023లో అనిల్ కపూర్, 2025లో అక్కినేని నాగార్జున ఢిల్లీ హైకోర్టు నుంచి తమ పేరుకూ రూపానికీ రక్షణ తెచ్చుకున్నారు. లాయర్లను పెట్టుకోగల పెద్ద తారలకు ఇది దక్కింది. రాబర్సన్ లాంటి మామూలు అమ్మాయి, లేదా ఒకటి రెండు సినిమాలు చేసి ఊరికి వెళ్ళిపోయిన నటి, తన ముఖం టపాకాయల పెట్టె మీద కనబడితే ఏ కోర్టుకు పోతుంది?

ఇక దాచుకోవడం. ఈ వ్యవహారమంతటిలో నన్ను బాగా కదిలించిన మనిషి జెఫర్సన్ బర్డిక్. అమెరికాలోని సిరక్యూస్‌లో ఫ్యాక్టరీ పనివాడు, కీళ్ళవాతంతో వేళ్ళు వంకర్లు పోయినవాడు. 1939లో అమెరికా కార్డులన్నిటికీ మొదటి జాబితా ప్రచురించాడు. పంతొమ్మిదో శతాబ్దం కార్డులకు ఎన్, ఇరవయ్యో శతాబ్దం పొగాకు కార్డులకు టి అని ఆయన పెట్టిన గుర్తులే ఈనాటికీ మ్యూజియంలు వాడుతున్నాయి. ‘లిటిల్ బ్యూటీస్’ వరస ఎన్60. 1947 నుంచి తన సేకరణ మొత్తం, మూడు లక్షలకు పైగా కాగితాలు, మెట్రోపాలిటన్ మ్యూజియంకు ఇస్తూ, తానే న్యూయార్క్ వెళ్ళి ఒక్కొక్కటి ఆల్బమ్‌లలో అంటించాడు. 1963 జనవరిలో ఆ పని ముగిసింది, మార్చిలో ఆయన చనిపోయాడు. డబ్బున్నవాళ్ళూ దాచారు: లూయిస్ గింటర్ బంధువు జార్జ్ ఆరెంట్స్ 1944లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీకి ఇచ్చాడు, ఎడ్వర్డ్ వార్టన్-టైగర్ అనే ఇంగ్లీషాయన పది లక్షలు దాటిన కార్డులు బ్రిటిష్ మ్యూజియంకు రాసిచ్చాడు. ఈ ముగ్గురూ లేకపోతే నటీమణుల కార్డుల మీద ఎవరూ ఏమీ రాయగలిగేవారు కాదు.

మనకు అలాంటి చోట్లు లేకపోలేదు. చీరాల పక్కనే వేటపాలెంలో 1918 నుంచి సారస్వత నికేతనం పాత పత్రికలను కాపాడుతోంది. ‘కృష్ణాపత్రిక’, ‘భారతి’, ‘గృహలక్ష్మి’ ప్రకటనల పేజీలు తిరగేస్తే మన సబ్బుల, నూనెల, మందుల, సినిమాల ముఖాల చరిత్ర సగం అక్కడే దొరుకుతుంది. గన్నవరం నుంచి మూడుసార్లు శాసనసభకు వెళ్ళిన పుచ్చలపల్లి సుందరయ్య గారి పేరుతో హైదరాబాదులో విజ్ఞాన కేంద్రం ఉంది. విజయవాడ బందరు రోడ్డులో విక్టోరియా జూబిలీ మ్యూజియం ఉంది. దాని పునాది 1887 నాటిది, ‘లిటిల్ బ్యూటీస్’ కార్డుల ఏడే. 2020లో దానికి బాపు మ్యూజియం అని పేరు మార్చారు. బొమ్మ గీసినవాడూ సినిమా తీసినవాడూ ఒక్కడే అయిన బాపు పేరు పెట్టుకున్న ఇంట్లో సినిమా కాగితాలకు ఒక గది ఉండటం కంటే సహజమైనది లేదు. శిల్పాలు, నాణేలు ఎలాగూ కాపాడతారు. ఎవరూ పట్టించుకోనిది, చెదపురుగుకు ముందుగా దొరికేది ఈ కాగితం.

గది కంటే ముందు కావలసింది జాబితా. బర్డిక్ పద్ధతి మనకు సరిగ్గా సరిపోతుంది: ప్రతి కాగితానికి ఒక గుర్తు, నటి పేరు, సినిమా పేరు, సంవత్సరం, అచ్చువేసిన ప్రెస్సు, ఉంటే హాలు ముద్ర. పాటల పుస్తకం చివరి పేజీ అడుగున ప్రెస్సు పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. సేకర్తలు సాధారణంగా అట్ట ఒక్కటే స్కాన్ చేసి పెడుతున్నారు, ఆ పేరు పోతోంది. ఆ ఒక్క పంక్తి వల్ల ఏ ఊరి ప్రెస్సు ఎన్ని తారల ముఖాలు అచ్చువేసిందో తెలుస్తుంది. విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో ఇవి తూకానికి కాకుండా విడిగా అమ్ముతున్నారంటే కొనేవాళ్ళు ఉన్నారనే అర్థం. కొన్నవాళ్ళు ఇంట్లో దాచేస్తున్నారు, ఒకరి దగ్గర ఏముందో ఇంకొకరికి తెలియదు. ప్రెస్ అకాడమీ పాత పత్రికలను కంప్యూటర్లోకి ఎక్కించి అందరికీ తెరిచినట్టు వీటినీ తెరవవచ్చు.

పెద్ద తారలను గుర్తుపట్టడం కష్టం కాదు. కష్టమంతా పక్కన నిలబడినవాళ్ళ గురించి: చెలికత్తెలు, నర్తకీమణులు, ఒక్క పాటలో మెరిసి పోయినవాళ్ళు. సిగరెట్ కార్డుల కింద ‘నటి’ అని మాత్రమే మిగిలినవాళ్ళకు మనవైపు సమానులు వాళ్ళే. వాళ్ళ పేర్లు ఇంకా తెలిసినవాళ్ళు ఉన్నారు. టూరింగ్ టాకీస్‌లో ప్రొజెక్టర్ తిప్పినవాళ్ళు, గాంధీనగర్ ఆఫీసుల నుంచి డబ్బాతోపాటు బస్సులో వెళ్ళిన రిప్రజెంటేటివ్‌లు, హాలు గేటు దగ్గర పాటల పుస్తకాలు అమ్మినవాళ్ళు. అందరూ ఎనభై దాటారు. ఉయ్యూరులోనో, హనుమాన్ జంక్షన్‌లోనో వాళ్ళ ఇంటికి ఆ ఫొటోలు తీసుకెళ్ళి చూపించి, చెప్పిన పేరు వెనక పెన్సిలుతో రాసుకుని రావాలి. ఆ పని ఈ రెండు మూడేళ్ళలో జరగాలి.